వల గుళ్ళు పోసే ఇంట్లో ఏముంది?

దయ్యాలు లేవని చెప్పడానికి నేను వెళ్ళని జిల్లా లేదు. మైకు ఇచ్చిన చోట చెప్పాను, మధ్యలో మైకు లాక్కున్న చోట గొంతు చించుకుని చెప్పాను. కానీ ఈసారి గోదావరి జిల్లాల నుంచి తిరిగొచ్చాక, అక్కడ నేను గెలిచానో ఓడానో తేల్చుకోలేక తల పట్టుకు కూర్చున్నాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివిన వాళ్ళకెవరికైనా తేలితే నాకూ చెప్పండి.

నన్ను పిలిచింది శ్రీనివాస్. మొగల్తూరు దగ్గర బడిలో లెక్కల మాస్టారు, నా వ్యాసాలు విడవకుండా చదివే మనిషి. ఆయన చెల్లెలు మంగను సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి ఇచ్చారు. భర్త సూరిబాబు వలల అంచుకు కట్టే సీసం గుళ్ళు పోస్తాడు. మంగకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నెల తప్పగానే మళ్ళీ అదే నీరసం, అదే కడుపునొప్పి. ఆస్పత్రిలో రక్తం తక్కువని మాత్రలిచ్చి పంపారు. అత్తగారు సోది అడిగించింది. ఇంట్లో గాలి ఉందని, కాన్పయ్యేదాకా అమ్మాయిని కోరుకొండ నీడన ఉంచమని సోదెమ్మ చెప్పిందట. కోరుకొండలో పిన్ని ఉంది కాబట్టి అక్కడికి పంపేశారు. ఇప్పుడు ఊళ్ళో కొందరు ఆ ఇల్లు పడగొట్టాలంటున్నారు, మరికొందరు కోడలే ఆ ఇంటికి అచ్చిరాలేదంటున్నారు.

"ఆదివారం పెద్దలు కూర్చుంటున్నారండి. మీరొచ్చి ఆ ఇంట్లో ఏమీ లేదని నాలుగు మాటలు చెప్తే, మా చెల్లి ధైర్యంగా దాని ఇంటికి అది వెళ్తుంది" అన్నాడు శ్రీనివాస్ ఫోన్లో.

నాలుగేం ఖర్మ, నలభై చెప్తానన్నాను.

రాజమండ్రి, కోరుకొండ

రాజమండ్రిలో సుభద్రగారింట్లో దిగాను. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. మా పరిచయం ఒక సభలో పోట్లాటతో మొదలైంది, ఇప్పటికీ అలాగే నడుస్తోంది. అల్లం దట్టించిన పెసరట్టు వేసి పెట్టి, ఎదురుగా కూర్చుని, "మీరు వెళ్ళేది చూడటానికా, మాట్లాడటానికా?" అని అడిగారు.

"మాట్లాడటానికే. చూడ్డానికి అక్కడేముంది?"

"అదే మీతో వచ్చిన చిక్కు" అని ఇంకో అట్టు వేశారు.

బజారులో ఒకాయన పనసకాయను కత్తితో టకటకా కొట్టి పొట్టు చేస్తుంటే ఆగి చూశాను. మా ఒంగోల్లో ఈ కూర ఎవరూ వండరు. చుట్టూ జనం వంతు కోసం నిలబడి కబుర్లాడుతున్నారు. ప్రతి రెండో మాటకీ ఒక 'అండి'. పోట్లాడుకునేటప్పుడు కూడా అండి తగ్గదని ఆ తర్వాత తెలిసింది.

కోరుకొండలో ఎక్కడ నిలబడినా కొండ కనిపిస్తుంది. నిటారుగా, దువ్వెనతో దువ్వినట్టు మెట్లు. మంగ పిన్ని ఇల్లు కొండ కింద సందులో ఉంది. జబ్బు మనిషిని చూస్తాననుకుని వెళ్ళాను. బుగ్గలు నిండిన, నవ్వుతున్న పిల్ల తలుపు తీసింది. ఐదో నెల.

"అక్కడ ఎలా ఉండేదమ్మా?" అని అడిగాను.

"కడుపులో మెలిపెట్టేసేదండి. చేతులు తేలిపోయేయి. నోరంతా ఇనపముక్క చప్పరించినట్టు ఉండేది. ఇక్కడికొచ్చిన కొన్నాళ్ళకి అన్నీ పోయాయండి. ఆ ఇంట్లో ఏదో ఉందండి. నాకు తెలుస్తుంది."

నేను వదల్లేదు. భయం మనిషి ఒంటిని ఎలా మారుస్తుందో, రెండుసార్లు దుఃఖపడిన చోటికి వెళ్తే కడుపు ఎందుకు మెలిపెడుతుందో, నోటి రుచి కూడా ఎందుకు మారుతుందో చక్కగా వివరించాను. ఆమె బుద్ధిగా విని, అరచేతిలో ఉన్న బియ్యం నాలుగు గింజలు నోట్లో వేసుకుంది.

"ఇదండీ దీని వరస" అంది పిన్ని. "అక్కడ బూడిద నాకేదంట, దొంగపిల్లిలాగ. ఇక్కడ గ్యాసు పొయ్యి, బూడిద నేనెక్కడ తేనూ? అందుకే బియ్యం నవుల్తోంది."

"పిన్నీ! ఆయన ముందరా?" అని మంగ మొహం దాచుకుంది.

నేను నవ్వేశాను. మా వైపు కడుపుతో ఉన్నవాళ్ళు పలక మీద రాసే బలపాలు నముల్తారు, పుట్టమన్ను తింటారు. రక్తం తక్కువైతే అలాంటి కోరికలు పుడతాయని నేనే ఒక వ్యాసంలో రాశాను. ఇందులో గాలీ లేదు, ధూళీ లేదు అనుకుని లేచాను.

"అయితే ఆదివారం తర్వాత నేను వెళ్ళిపోవాలాండీ?" అంది మంగ, గుమ్మం దాకా వచ్చి.

"నీ ఇంటికి నువ్వు వెళ్ళడానికి భయం దేనికి?" అన్నాను.

మండపేట

సూరిబాబు సరుకు కోసం మండపేట వస్తాడని, అతని ట్రాలీ ఆటోలో ఊరు చేరవచ్చని శ్రీనివాస్ చెప్పాడు. మండపేటంతా ఊక వాసన. ధాన్యం లారీలు రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. ఒక లారీ నీడలో మిల్లు కూలీలు క్యారేజీలు విప్పుకుని తింటున్నారు. వాళ్ళను దాటి పాత బ్యాటరీల కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాను.

కొట్టు అనడానికి రేకుల చూరు తప్ప ఏమీ లేదు. లారీలవి, ట్రాక్టర్లవి, ఇప్పుడు కొత్తగా కరెంటు ఆటోలవి చచ్చిన బ్యాటరీలు గుట్టపోసి ఉన్నాయి. ఒకాయన గొడ్డలితో డబ్బా పగలగొట్టి, యాసిడ్ రోడ్డు పక్క కాలవలోకి వంచి, లోపలి ప్లేట్లు లాగి గోనెలో వేస్తున్నాడు. ఆ కాలవ గట్టున ఒక్క గడ్డిపోచ లేదు. కోనసీమకు ఇంత దగ్గర్లో పచ్చదనం లేని జాగా చూడటం అదే మొదలు.

"ఆయ్, నేనేనండి సూరిబాబుని" అంటూ ఒక సన్నటి మనిషి వచ్చి నా సంచి అందుకోబోయాడు. సంచి పట్టు జారి కింద పడింది. "మణికట్టు ఈ మధ్య మాట ఇనట్లేదండి" అని రెండో చేత్తో ఎత్తాడు.

"మీ ఇంట్లో గాలి ఉందని నువ్వూ నమ్ముతున్నావా?"

"మా ఆవిడ ఉందంటాది. బావ లేదంటాడు. మా అమ్మ సోదెమ్మ మాటంటాది. ఇంక నేనేమంటానండి? డ్రైవింగ్ చేత్తాను."

దారిలో తాపేశ్వరం మడత కాజాలు కొన్నాను. ఒక్కోటీ అరచేయంత ఉంది, కొరికితే పాకం మోచేతి దాకా కారింది.

పంటు మీద

రావులపాలెం, రాజోలు మీదుగా సఖినేటిపల్లి రేవుకు చేరాం. అక్కడ గోదావరిని పంటు మీద దాటితే అవతల నరసాపురం. మోటారుసైకిళ్ళు, అరటిగెలలు, ఒక పెళ్ళిబృందం, మా ఆటో, అన్నీ ఒకే బల్లకట్టు మీద సర్దుకున్నాం. ఆటో ముందు సీటు కాలిపోతుంటే వెనక్కి వెళ్ళి ప్లేట్ల గోనె మీద దర్జాగా కూర్చున్నాను. గాలికి గోనె దుమ్ము కాజా మీద పడుతుంటే చేత్తో దులిపి, అదే చేత్తో తిని, పాకం ఉన్న వేళ్ళు ఒక్కొక్కటే చప్పరించాను.

పెళ్ళివారిలో ఒక పెద్దావిడ అడిగింది. "ఎవరి తాలూకండీ తమరు?"

"దయ్యాలు లేవని చెప్పే తాలూకు."

"పోనీలెండి, ఏదో ఒక పని" అంది.

అవతలి ఒడ్డు చేరేసరికి కూర్చున్నచోట చురచుర మొదలైంది. ఉప్పుగాలి పడలేదనుకున్నాను.

సముద్రం వైపు

మొగల్తూరు దాటి సముద్రం వైపు పోతే సరుగుడు తోటలు, రొయ్యల చెరువులు, వాటి మధ్య చిన్న ఊరు. సూరిబాబు ఇల్లు ఊళ్ళో అన్నిటికన్నా శుభ్రమైనది. వాకిట్లో ముగ్గు, లోపల గ్యాసు పొయ్యి, గోడకు వరసగా బోర్లించిన గిన్నెలు. ఆ గిన్నెల సంగతి చెప్పాలి. అంత తెల్లగా తోమిన గిన్నెలు నేను పెళ్ళిళ్ళ సామాను దుకాణంలో కూడా చూడలేదు. మొహం చూసుకోవచ్చు.

"ఊళ్ళో అందరూ ఆ సబ్బుబిళ్ళతో తోముతారండి, జిడ్డు పోద్దా దాంతో?" అంది సూరిబాబు తల్లి నూకాలమ్మ. మాట గట్టిది, మనిషి మాత్రం పాలిపోయి ఉంది. "కోడలొచ్చాక దానికీ నేర్పాను. గిన్నె అంటే వెండిలాగ ఉండాలండి."

గుమ్మడిగింజంత బెల్లం తగిలించిన చేపల పులుసు. ముందురోజు సాయంత్రం వండి, ఆ తెల్లటి గిన్నెలోనే రాత్రంతా ఊరనిచ్చిందట. మా వైపు పులుసులో బెల్లం వేస్తే ఇంటిపేరు పోతుంది, అయినా రెండుసార్లు వడ్డించుకున్నాను. తినేటప్పుడు నూకాలమ్మ పొట్ట పట్టుకుని గోడకానుకుంది. "వయసండి" అంది నేనడగకుండానే.

పొద్దున్నే పంచె ఉతికి ఆరేస్తే, కూర్చునే భాగమంతా జల్లెడ! చిల్లుల్లోంచి సముద్రం వైపు తోట కనిపిస్తోంది. సూరిబాబు నవ్వాపుకోలేకపోయాడు. "గోనె మీద కూకున్నారాండీ? యాసిడండి బాబూ అది!"

ఈ అవమానం చెప్పుకోవడానికి సుభద్రగారికి ఫోన్ చేశాను. ఆవిడ నవ్వలేదు.

"ప్లేట్ల గోనె మీద కూర్చుని కాజా తిన్నారా? చేతులు కడిగారా?"

"చప్పరించాను."

"మహానుభావా! ఆ దుమ్మంతా సీసం. ఆ సీసం గట్టిపడటానికి కొన్ని ప్లేట్లలో చిటికెడు ఆర్సెనిక్ కూడా కలుపుతారు. ఆర్సెనిక్ అంటే పాషాణం. పాత కథల్లో రాజులకు పెట్టేవారే, అదే. ఒక్క కాజాతో మీరు చావరు గానీ, రోజూ ఒంట్లోకి పోతే సీసం ఎముకల్లో చేరి కూర్చుంటుంది. కడుపులో మెలిపెడుతుంది, రక్తం తగ్గిస్తుంది, చేతి నరాలు పట్టు తప్పుతాయి. కడుపుతో ఉంటే బిడ్డకీ చేరుతుంది, ఒక్కోసారి కడుపే నిలవదు. ఇంతవరకైతే పర్వాలేదు అనే లెక్క దానికి లేదు. సరే, ఆ ప్లేట్లు కరిగించేది ఎక్కడ?"

మంగ చెప్పిన ఇనపముక్క రుచి గుర్తొచ్చింది. దాన్ని భయమని నేను వివరించిన తీరు కూడా.

పెరట్లో

కరిగించేది ఇంట్లో కాదు. పెరడు దాటి, కొబ్బరిచెట్ల అవతల, తాటాకు పాక. నేను చూస్తుండగానే సూరిబాబు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, పొయ్యిలోకి కొబ్బరి డొక్కలు ఎగదోసి, ప్లేట్లను మూకుడులో వేశాడు. సీసం కరిగి అద్దంలా అయ్యాక పైన తేలిన మడ్డిని గరిటెతో తీసి పొయ్యి అంచునే విదిలించాడు. అచ్చుల్లో పోశాడు. గాలి తిరిగినప్పుడు పోపులో వెల్లుల్లి మాడిన వాసన వచ్చింది. ఇంట్లో పోపు వేస్తున్నారేమో అని చూశాను. నూకాలమ్మ పెరటి అరుగు మీద గిన్నెలు తోముతోంది, పొయ్యి వెలిగించనే లేదు. ఆర్సెనిక్ కాలితే అలాంటి వాసనే వస్తుందని సుభద్రగారు తర్వాత చెప్పారు. అదే అయి ఉంటుందని మాత్రం ఖాయంగా చెప్పలేనన్నారు.

"మంగ ఇక్కడికి వచ్చేదా?"

"అస్సలు రాదండి. పోత పోసేటప్పుడు ఆడాళ్ళ నీడ పడితే గుళ్ళు గుల్లబారిపోతాయండి. మా తాత కాలం నుంచీ ఆడాళ్ళని ఈ పాక గుమ్మం తొక్కనివ్వం. నేను కూడా తానం చేసి గానీ ఇంట్లోకెళ్ళను."

చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ నీడ మాట విని వాదనకు దిగాలి నేను. దిగలేదు. ఇలాంటి నమ్మకాల మీద ఎన్ని వ్యాసాలు రాశాను! ఇక్కడ చూస్తే ఆ మూఢనమ్మకమే మంగను సీసానికి దూరంగా పెట్టింది. పాకలో ఉండే సూరిబాబు తిరుగుతూనే ఉన్నాడు. గుమ్మం తొక్కని మంగ రెండు కడుపులు పోగొట్టుకుంది. సీసమే అయితే ముందు జబ్బున పడాల్సింది ఇతను కదా? సీసం కాకపోతే కోరుకొండలో ఆమె ఎందుకు కోలుకుంది? ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, సోదెమ్మ మొహం ఎలా ఉంటుందోనని ఊహించుకున్నాను.

వెనక్కి వచ్చి అరుగు మీద నూకాలమ్మ పక్కన కూలబడ్డాను. ఆమె కొబ్బరిపీచు తడిపి, పక్కనున్న డబ్బాలో అద్ది, గిన్నె మీద గుండ్రంగా రుద్దుతోంది. డబ్బాలో మెత్తటి బూడిద.

"మీది గ్యాసు పొయ్యి కదమ్మా. బూడిదెక్కడిది?" అన్నాను, ఏదో మాట కలపాలని.

"పాకలో పొయ్యిదండి. పోత అయిపోయాక మావోడు ఎత్తి తెచ్చిత్తాడు, నేను జల్లించుకుంటాను. కట్టెల పొయ్యి బూడిద దీని ముందు దేనికీ పనికిరాదు. బరువుగా, సన్నగా ఉంటాది, ఇట్టే మెరుపొచ్చేత్తాది."

బరువుగా! చిటికెడు చేతిలోకి తీసుకున్నాను. బూడిదకు ఉండకూడని బరువు. ఆ గిన్నెల్లోనే నేను రెండుసార్లు వడ్డించుకున్న చింతపండు పులుసు రాత్రంతా ఊరింది. అప్పుడు కోరుకొండ పిన్ని గొంతు వినిపించింది. అక్కడ బూడిద నాకేదంట, దొంగపిల్లిలాగ.

"మంగ తినేది ఈ బూడిదేనా?"

"కడుపుతో ఉన్నప్పుడు పిల్లకి నోరూరుద్దండీ! ఒద్దంటే ఏడుత్తాదని, నేనే జల్లించిన మెత్తటిది కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేదాన్ని" అంది, ప్రేమగా.

అరుగు మీద

పెద్దలు సూరిబాబు వీధరుగు మీదే కూర్చున్నారు. శ్రీనివాస్ నాకు కుర్చీ వేసి, పక్కన నిలబడి, నా గురించి చాలా గొప్పగా చెప్పాడు. చొక్కా జేబులో నా ప్రసంగం తాలూకు కాగితం ఉంది. తెల్లమీసాల పెద్దాయన చెయ్యెత్తాడు.

"ఉపన్యాసం తర్వాత ఇంటామండి. ముందు ఒక్క మాట చెప్పండి. ఈ ఇంట్లో ఏదన్నా ఉందా, లేదా?"

శ్రీనివాస్ నావైపు ధీమాగా చూస్తున్నాడు.

"ఉందండి" అన్నాను.

ఒక్కసారిగా గోల. "చూశారా! పుస్తకాలు రాసేవోరే ఉందంటున్నారు!" అని ఒకరు. "శాంతి ఎప్పుడు చేయిద్దాం?" అని ఇంకొకరు. శ్రీనివాస్ మొహం చూడలేకపోయాను. "ఏంటండీ ఇది?" అన్నాడు ఏడుపు గొంతుతో.

అరిచి అందర్నీ కూర్చోబెట్టాను. బ్యాటరీ ప్లేటు నుంచి మూకుడులోకి, మూకుడు నుంచి మడ్డిలోకి, మడ్డి నుంచి బూడిదలోకి, బూడిద నుంచి గిన్నెలోకి, పొట్లంలోకి, మంగ నోట్లోకి సీసం నడిచిన దారంతా చెప్పాను. కోరుకొండలో ఈ బూడిద లేదు గనకే ఆమె తేరుకుందని చెప్పాను. సూరిబాబు మణికట్టు, నూకాలమ్మ కడుపు చూపించి, అందరికీ రక్తపరీక్ష కావాలన్నాను.

నూకాలమ్మ లోపల్నుంచి వచ్చింది. ఆమె చేతిలో తోమిన గిన్నె అలాగే ఉంది. "అంటే నా కోడలికి నా చేత్తో నేనే ఇసం పెట్టానా అండీ? రెండు బిడ్డల్నీ నేనే..."

"తెలిసి పెట్టలేదమ్మా."

"తెలియకపోతే పోయినోళ్ళు వత్తారా?" అని అక్కడే కూలబడింది. ఎవరూ దగ్గరికి వెళ్ళలేదు. సూరిబాబు వెళ్ళి పక్కన కూర్చుని, గిన్నె ఆమె చేతిలోంచి మెల్లగా తీశాడు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అయితే గాలి బూడిదలో చేరిందన్నమాట."

"గాలి కాదండి బాబూ, సీసం!"

"మీరు సీసం అనండి, మేం గాలంటాం. బూడిద తీసేస్తే పోద్దా, పోదా?"

పోతుందని చెప్పాలా? కొత్తగా రాదు, ఎముకల్లో చేరింది అంత తేలిగ్గా పోదు. ఈ తేడా చెప్పేలోపే ఇద్దరు కుర్రాళ్ళు డబ్బా ఎత్తి రొయ్యల చెరువు వైపు బయల్దేరారు. చిల్లుల పంచె ఎగ్గట్టి వాళ్ళ వెనక పరిగెత్తాను. నీళ్ళలో పోస్తే ఊరంతా తింటుందని బతిమాలి, మూతబిగించి, పాకలోనే పెట్టించాను.

"మరి నేను పోత మానేస్తే ఈ వలలన్నిటికీ గుళ్ళెవరు పోత్తారండి? నేనేం తినాలండి?" అన్నాడు సూరిబాబు. కోపంగా కాదు, తెలుసుకుందామని అడిగాడు. ఆ వెంటనే ఫోన్ తీసి కోరుకొండకు చేశాడు. "మంగా, నువ్వు రాకు. కాన్పయ్యేదాకా అక్కడే ఉండు. మిగతాది నే చూసుకుంటా."

ఆ ఊళ్ళో గాలి లేదని ఒక్కరైనా నమ్మారా అంటే, నమ్మలేదు. నా మాట విన్నారా అంటే, అందరూ విన్నారు.

మళ్ళీ కోరుకొండ

సుభద్రగారు తనకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి మంగను తీసుకెళ్ళి రక్తం తీయించారు. పరీక్ష హైదరాబాదులో చేస్తారట. నేను రాజమండ్రిలోనే ఆగిపోయాను. ఫలితం వచ్చింది. మంగ రక్తంలో సీసం ఉండకూడనంత ఉంది. ఆ ఇంటికి దూరంగా ఉండటమే మొదటి మందని, పాలు, ఆకుకూరలు బాగా తినమని, మళ్ళీ మళ్ళీ పరీక్ష చేస్తూ చూస్తామని డాక్టరమ్మ చెప్పారు. బిడ్డ సంగతి ఇప్పుడే చెప్పలేం, గుండె మాత్రం చక్కగా కొట్టుకుంటోందన్నారు.

మంగను కోరుకొండలో దింపడానికి నేనే వెళ్ళాను. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, కిందనుంచే కొండకు దణ్ణం పెట్టింది. "మీరు పెట్టక్కర్లేదు లెండి, మీది కూడా నేనే పెట్టేస్తున్నాను" అని నవ్వింది. నవ్వాగాక నావైపు తిరిగింది.

"ఒక మాట అడగనాండీ? నన్ను ఆ ఇంట్లోంచి పంపెయ్యమన్నది సోదెమ్మ. నన్ను మళ్ళీ ఆ ఇంటికి పంపడానికొచ్చింది మీరు. అవునాండీ?"

జవాబు నా దగ్గర ఉంది. సోదెమ్మకు సీసమంటే తెలియదు, అడిగిన ప్రతి ఇంటికీ ఆమె అదే మాట చెప్తుంది, ఆ మాట విని ఆస్పత్రి మానేసి పోయినవాళ్ళను నేను కళ్ళారా చూశాను. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. చెప్పబోయాను.

"ఆగండాగండి" అని మంగ పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. కళ్ళు పెద్దవి చేసి, ఊపిరి బిగబట్టి నిలబడింది. "కదిలిందండి!"

పిన్ని ఇంటికేసి గబగబా నడిచింది, ఆ సంగతి చెప్పడానికి. చెప్పులు మర్చిపోయింది. వాటిని చేత్తో పట్టుకుని వెనకాలే వెళ్ళాను.